ఎర్ర దీపం వెలిగాక తొందర వద్దు

(నల్లగొండలో ఫొటో స్టూడియోలు, డయాగ్నస్టిక్ కేంద్రాలు, కళాశాలల కంప్యూటర్ నిర్వాహకుల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. ఇంత ఎండలో పనులు వదులుకొని వచ్చారు. మిర్యాలగూడ, దేవరకొండ, సూర్యాపేట నుంచే కాదు, జడ్చర్ల, మహబూబ్‌నగర్ నుంచి కూడా కొందరు వచ్చారని నిర్వాహకులు చెప్పారు. చాలా సంతోషం. మీలో పెళ్లి ఫొటోలు, వీడియోలు దాచే స్టూడియోల వారున్నారు. స్కానింగ్ బొమ్మలు భద్రపరిచే వారున్నారు. కళాశాల ల్యాబులు చూసేవారు, రైసు మిల్లుల్లో లెక్కల సర్వరు, సీసీ కెమెరాల రికార్డులు చూసేవారు ఉన్నారు. ఎవరి పని వారిదే అయినా, ప్రతి ఒక్కరి గదిలోనూ నాలుగో ఎనిమిదో హార్డ్ డిస్కులు వరుసగా బిగించిన ఒక పెట్టె ఉంది. అందులో ఒక డిస్కు ఏదో ఒక రోజు పాడవుతుంది. దాన్ని తీసి కొత్తది పెట్టే పని గురించే ఈరోజు మాట్లాడుతాను.

నేను చెప్పదలచిన ముఖ్యమైన మాట మొదటే చెబుతాను. డేటా పోయిందని నా దగ్గరకు వచ్చిన పెట్టెల్లో చాలావాటిలో మొదట పోయింది ఒక్క డిస్కే. ఆ ఒక్కటి పోయినా తట్టుకునేలా కట్టిన పెట్టెలే అవి. తర్వాత ఎవరో తొందరపడి చేసిన పని వల్ల మిగతాది కూడా పోయింది. కాబట్టి డిస్కు పాడవడం కన్నా, పాడైన దాన్ని మార్చే గంటలే నన్ను ఎక్కువ భయపెడతాయి. ఆ గంటల్లో మన చేయి ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు అన్నది తెలిస్తే సగం ప్రమాదం తప్పుతుంది.

ఈ పెట్టెల వెనుక ఉన్న ఆలోచన కొంచెం తెలుసుకుందాం. 1956లో ఐబీఎం తెచ్చిన మొట్టమొదటి హార్డ్ డిస్కు యంత్రంలో 24 అంగుళాల పళ్లేలు 50 ఉండేవి. అన్నీ కలిపి పట్టింది 50 లక్షల అక్షరాలు. ఆ తర్వాత డిస్కులు చిన్నవయ్యాయి, చవకయ్యాయి. 1988లో అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయానికి చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనే ముగ్గురు ఒక పత్రం ప్రచురించారు. ఖరీదైన పెద్ద డిస్కు ఒకటి కొనే బదులు చిన్న చవక డిస్కులు చాలా కలిపి వాడితే వేగమూ ఎక్కువే, ఖర్చూ తక్కువే అన్నారు. చిక్కు కూడా వాళ్లే చెప్పారు. డిస్కులు ఎక్కువైన కొద్దీ ఏదో ఒకటి పాడయ్యే అవకాశం పెరుగుతుంది. అందుకని ఒకటి పోయినా మిగతావాటి నుంచి దాన్ని తిరిగి లెక్కకట్టుకునేలా అదనపు సమాచారం రాసిపెట్టాలన్నారు. మనం రెయిడ్ అంటున్నది దీన్నే.

ఆ లెక్క చాలా సులువు. మూడు డిస్కుల్లో ఒకే చోట 1, 0, 1 ఉన్నాయనుకోండి. నాలుగో డిస్కులో, మొత్తం ఒకట్లు సరిసంఖ్య అయ్యేలా ఒక అంకె రాస్తారు. ఇక్కడ ఒకట్లు రెండున్నాయి, అప్పటికే సరి, కాబట్టి 0. ఇప్పుడు రెండో డిస్కు పోయింది. మిగిలినవి 1, 1, 0. ఒకట్లు సరిసంఖ్యలోనే ఉన్నాయి కాబట్టి పోయిన చోట 0 ఉండి తీరాలి. ఆ అదనపు అంకెనే ప్యారిటీ అంటారు. రెయిడ్ 5లో ఈ ప్యారిటీని ఒకే డిస్కులో కాకుండా అన్నిటి మీదా పంచి రాస్తారు. ఒక్క డిస్కు పోతే తట్టుకుంటుంది, రెండు పోతే తట్టుకోదు. రెయిడ్ 6లో రెండు రకాల ప్యారిటీ ఉంటుంది కాబట్టి రెండు పోయినా నిలుస్తుంది. రెయిడ్ 1 అంటే ఒకదానికి మరొకటి నకలు. రెయిడ్ 10 అంటే అలాంటి జంటలు కొన్ని కలిపినది. రెయిడ్ 0లో ఏ రక్షణా లేదు, ఒకటి పోతే అంతా పోయినట్టే. మీ పెట్టెలో వీటిలో ఏది ఉందో ఇప్పుడు అడిగితే ఎంతమంది చెప్పగలరు? కొన్ని చేతులే లేచాయి. ఇంటికి వెళ్లగానే మీరు చేయవలసిన మొదటి పని ఇదే. అది తెలియకుండా డిస్కు మార్చడానికి దిగకూడదు.

డిస్కు పాడవడం అరుదైన సంగతి అనుకోవద్దు. 2007లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పెద్ద కంప్యూటర్ కేంద్రాల రికార్డులు పరిశీలించారు. కంపెనీలు ఇచ్చే అంకెల ప్రకారం చూస్తే ఏడాదికి నూటికి ఒక డిస్కు కూడా పోకూడదు. వాళ్లు చూసిన చోట్ల మాత్రం నూటికి రెండు నుంచి నాలుగు మార్చడం మామూలుగా కనిపించింది, కొన్ని చోట్ల 13 వరకూ వెళ్లింది. నూటికి మూడు అనుకుందాం. ఎనిమిది డిస్కుల పెట్టెలో ఏడాదిలో ఒక్కటైనా పోయే అవకాశం ఐదింట ఒక వంతుకు పైనే ఉంటుంది. అయిదారేళ్లు పెట్టె నడిపే ప్రతి ఒక్కరూ ఈ పని ఒకసారైనా చేయవలసి వస్తుందని అనుకొని సిద్ధపడాలి.

సరే, ఎర్ర దీపం వెలిగింది. పెట్టె బీప్ బీప్ అంటోంది. తెర మీద డిగ్రేడెడ్, అంటే రక్షణ తగ్గింది అని వచ్చింది. ఆ సమయంలో పెట్టె పనిచేస్తూనే ఉంటుంది. ఫైళ్లు తెరుచుకుంటాయి. లేని డిస్కులోని సమాచారాన్ని ప్రతిసారీ లెక్కకట్టి ఇస్తూ ఉంటుంది.

మన పాలమూరు వాళ్లకు తుంగభద్ర డ్యాం సంగతి గుర్తుండే ఉంటుంది. రాజోలిబండ మళ్లింపు పథకం ద్వారా అలంపూర్ వైపు పొలాలకు వచ్చేది ఆ నీళ్లే. 2024 ఆగస్టు 10 రాత్రి 33 గేట్లలో 19వ దాని గొలుసు తెగి గేటు కొట్టుకుపోయింది. ఒత్తిడి తగ్గించడానికి మిగతా గేట్లు ఎత్తారు. ఆ తర్వాత నిండు ప్రవాహంలోనే ముక్కలు ముక్కలుగా ఇనుప పలకలు దించి, ఒక వారానికి ఆ ఖాళీని మూశారు. అక్కడ ఇంజనీర్లు ముందు భారం తగ్గించారు, కొలతలు సరిచూశారు, ఆ తర్వాతే పలక దించారు. నీళ్లున్న డ్యాంలో గేటు మార్చడం ఎలాంటిదో, నడుస్తున్న పెట్టెలో డిస్కు మార్చడమూ అలాంటిదే. మిగతా డిస్కుల మీద అప్పటికే మామూలు కన్నా ఎక్కువ భారం పడుతోంది.

అందుకని మొదటి పని డిస్కు లాగడం కాదు. పెట్టెను ఆపి మళ్లీ వేయడం కూడా కాదు. ఆపి వేస్తే బాగుపడుతుందని మనకు ఒక అలవాటు ఉంది. ఏళ్ల తరబడి ఆగకుండా తిరిగిన పాత డిస్కులు ఒకసారి ఆగితే మళ్లీ తిరగకపోవచ్చు. నాలుగింటిలో ఒకటి పోయిన పెట్టెను ఆపి వేస్తే రెండోది లేవకపోవడం నేను చూశాను. కాబట్టి ముందు పెట్టెను అలాగే ఉండనివ్వండి. తెర మీద ఉన్న సందేశాన్ని అక్షరం వదలకుండా చదవండి, ఫోనుతో ఫొటో తీయండి. పెట్టె తనలో జరిగింది రాసుకునే చిట్టాలు, అంటే లాగ్ ఫైళ్లు, వేరే కంప్యూటరులోకి దించుకోండి.

ఆ వెంటనే బ్యాకప్ సంగతి చూడండి. ఎవరినైనా అడిగితే బ్యాకప్ ఉందనే అంటారు. చివరిగా ఎప్పుడు తీశారు, అందులోంచి ఒక ఫైలు తెరిచి చూశారా అని అడిగితే జవాబు ఉండదు. రెయిడ్ అనేది బ్యాకప్ కాదు. పొరపాటున ఫోల్డరు తుడిచేస్తే అన్ని డిస్కుల్లోనూ ఒకేసారి తుడుచుకుపోతుంది. తాళాలు వేసి డబ్బు అడిగే వైరస్ వచ్చినా అంతే, పిడుగు పడినా అంతే. కాబట్టి కొత్త డిస్కు ఇంకా చేతికి రాకముందే, అన్నిటికన్నా విలువైన ఫోల్డర్లు, ఈ సీజనులో ఇంకా పార్టీకి అందించని పెళ్లిళ్లు, ఈ నెల రోగుల స్కాన్లు, ముందు బయట మరో డిస్కులోకి కాపీ చేయండి. అంతా కాపీ చేసే సమయం లేకపోతే ఇవైనా చేయండి.

అసలు పోయింది డిస్కేనా అన్నది కూడా చూడాలి. కొన్నిసార్లు కేబులు వదులవుతుంది. డిస్కులు గుచ్చుకునే వెనుక బోర్డులో ఒక స్లాటు చెడుతుంది. పవర్ సప్లై బలహీనపడుతుంది. ఒకటి పోయిందంటే డిస్కును అనుమానించవచ్చు. ఒకే నిమిషంలో రెండు మూడు పోయాయని చూపిస్తే మాత్రం దాదాపు ఎప్పుడూ తప్పు డిస్కులది కాదు, కరెంటుదో కేబుల్‌దో, డిస్కులన్నిటినీ నడిపే కంట్రోలర్‌దో అయి ఉంటుంది. అప్పుడు కొత్త డిస్కులు తెచ్చి పెట్టి రీబిల్డ్, అంటే పోయిన సమాచారాన్ని లెక్కకట్టి కొత్త డిస్కులో రాసే పని, మొదలుపెడితే బాగున్న సమాచారం మీద చెత్త రాసినట్టవుతుంది. అలాంటి స్థితిలో పెట్టెను మర్యాదగా ఆపి, తెలిసినవాళ్లను పిలవండి. డిగ్రేడెడ్ పెట్టెను ఆపవద్దన్న మాటకు ఇది ఒక మినహాయింపు.

మిగిలిన డిస్కుల ఆరోగ్యం కూడా చూసుకోవాలి. ప్రతి డిస్కూ తన గురించి స్మార్ట్ అనే పట్టిక ఒకటి రాసుకుంటుంది. అందులో 5వ వరుస, చెడిపోయి పక్కకు మార్చిన సెక్టార్ల, అంటే డిస్కులో సమాచారం రాసే చిన్న గడుల, సంఖ్య. 197వ వరుస, చదవలేక తీర్పు కోసం ఎదురుచూస్తున్న సెక్టార్లు. 198, అసలు చదవలేనివి. ఈ మూడూ సున్నా ఉంటే మంచిది. 2007లో గూగుల్ వాళ్లు తమ దగ్గరి లక్షకు పైగా డిస్కులను పరిశీలించి ఫలితాలు ప్రకటించారు. తన ఉపరితలాన్ని తానే పరీక్షించుకున్నప్పుడు దొరికే లోపం, అంటే స్కాన్ లోపం, మొదటిసారి కనిపించిన డిస్కు, ఏ లోపమూ లేని దానికన్నా, తర్వాతి 60 రోజుల్లో పాడయ్యే అవకాశం 39 రెట్లు ఎక్కువ అని తేలింది. అందులోనే మరో సంగతి ఉంది. పాడైన వాటిలో మూడో వంతుకు పైగా డిస్కులు, వేడిని పక్కన పెడితే, ఈ పట్టికలో ఏ సూచనా ఇవ్వకుండానే పోయాయి. సూచన కనిపిస్తే తప్పక నమ్మండి. ఏ సూచనా లేదు కదా అని నిశ్చింతగా ఉండవద్దు.

ఇప్పుడు నేను ఎక్కువసేపు చెప్పదలచిన చోటికి వచ్చాను. ఏ డిస్కు లాగాలి?

మన జిల్లాలోనే ఒక ఫొటో స్టూడియోలో జరిగింది చెబుతాను. నాలుగు డిస్కుల రెయిడ్ 5. తెర మీద డిస్క్ 2 పోయిందని వచ్చింది. పిలిచిన కుర్రవాడు ఎడమ నుంచి లెక్కపెట్టి రెండోది లాగాడు. ఆ కంట్రోలరు లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. దాని లెక్కలో 2 అంటే ఎడమ నుంచి మూడోది. అంటే బాగున్న డిస్కు బయటకు వచ్చింది, పాడైంది లోపలే ఉంది. పెట్టె వెంటనే ఆగిపోయింది. అతను కంగారుపడి లాగిన దాన్ని తిరిగి పెట్టాడు. అప్పుడు తెర మీద ఒక ప్రశ్న వచ్చింది. ఈ డిస్కులో వేరే పాత అమరిక కనిపిస్తోంది, దాన్ని స్వీకరించాలా, చెరిపేయాలా అని. అతను చెరిపేయి అన్నదాన్ని నొక్కాడు. ఆ తర్వాత ఏ ఫోల్డరూ కనిపించక, కొత్తగా తయారుచేయమని మరో బటన్ నొక్కాడు. ఆ ఏడాది శ్రావణ మాసం పెళ్లిళ్లన్నీ అందులో ఉన్నాయి. ఆ కుర్రవాడిది తెలివితక్కువతనం కాదు. మంచి పనిమంతుడు. పెట్టె మీద సీరియల్ నంబరు రాసి ఉంటే అతను ఆ తప్పు చేసేవాడే కాదు.

అందుకే నేను స్లాటు నంబరును నమ్మవద్దంటాను. కొన్ని పెట్టెలు సున్నా నుంచి లెక్కపెడతాయి, కొన్ని ఒకటి నుంచి. కొన్ని ఎడమ నుంచి కుడికి, కొన్ని పై నుంచి కిందికి. చాలా పెట్టెల్లో నడిచే లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ డిస్కులకు ఇచ్చే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అనే పేర్లు అసలే నమ్మవద్దు. పెట్టెను మళ్లీ వేసినప్పుడు నిన్న ఎస్‌డీబీ అయినది ఇవాళ ఎస్‌డీసీ కావచ్చు. డిస్కుకు పుట్టుకతో వచ్చి, చచ్చేదాకా మారకుండా ఉండేది సీరియల్ నంబరు ఒక్కటే. అది డిస్కు మీద స్టిక్కరులో ఉంటుంది, సాఫ్ట్‌వేరులోనూ కనిపిస్తుంది. రెండూ సరిపోలాకే చేయి వేయాలి.

డిస్కు ట్రేలో బిగించి ఉంటే స్టిక్కరు కనపడదు కదా అంటారు. నిజమే. అందుకే పెట్టె బాగున్న రోజుల్లోనే ఈ పని చేయాలి. ప్రతి సీరియల్ నంబరులో చివరి నాలుగు అక్షరాలు చిన్న లేబులు మీద రాసి ట్రే ముందు భాగాన అంటించండి. ఏ స్లాటులో ఏ నంబరు ఉందో ఒక కాగితం మీద బొమ్మ గీసి, పెట్టె తలుపు లోపలి వైపు అతికించండి. కొన్న తేదీ, వారంటీ ముగిసే తేదీ కూడా రాయండి. ఈ పని ఒక సాయంత్రంలో అయిపోతుంది. ఏళ్ల తర్వాత మీ స్థానంలో ఎవరో కొత్తవాళ్లు ఉన్నప్పుడు ఆ కాగితమే వాళ్లను కాపాడుతుంది.

ముందు వరుసలో కూర్చున్న అమ్మాయి మంచి ప్రశ్న అడిగింది. లేబుళ్లు లేవు, పాడైన డిస్కు సీరియల్ నంబరు కూడా చెప్పలేనంతగా చచ్చిపోయింది, అప్పుడెలా అని. రెండు దారులున్నాయమ్మా. ఒకటి, బతికి ఉన్నవాటి నంబర్లన్నీ తీసి రాసుకోవడం. కొన్నప్పటి బిల్లులో ఉన్న నంబర్లలోంచి వాటిని కొట్టేస్తే మిగిలింది పాడైనది. రెండోది, దీపాలు. చాలా పెట్టెల్లో ఒక్కో డిస్కు దీపాన్ని మెరిపించి చోటు చూపించమనే సదుపాయం ఉంటుంది. చచ్చిన దాని దీపం మెరవదు. కాబట్టి బతికి ఉన్నవాటిని ఒక్కొక్కటిగా మెరిపించి గుర్తు పెట్టుకుంటూ వెళ్లండి. ఆ సదుపాయం లేకపోతే ఒక పెద్ద ఫైలును చదివించండి. పనిచేస్తున్న డిస్కుల దీపాలు గబగబా కొట్టుకుంటాయి, చచ్చినది కదలదు. వీలైతే రెండు దారుల్లోనూ సరిచూసుకోవాలి. ఇద్దరు మనుషులుంటే ఒకరు తెర మీది నంబరు గట్టిగా చదవాలి, మరొకరు ట్రే మీది నంబరు గట్టిగా చదవాలి. అలా చదివే ఇద్దరు ఉన్న చోట తప్పు డిస్కు లాగడం నేను ఇంతవరకూ చూడలేదు.

ఒకవేళ తప్పు డిస్కు బయటకు వచ్చేసిందా? చేతులు వెనక్కి తీసుకోండి. పెట్టె ఆగిపోయి ఉంటే ఆ క్షణం నుంచి కొత్తగా ఏమీ రాయడం లేదు, అది మనకు మేలే. ఫొటో తీయండి. ఏ స్లాటులోంచి వచ్చిందో రాసుకోండి. కొత్తగా తయారుచేయి, ఇనిషియలైజ్, చెరిపేయి, ఫార్మాట్ అనే అర్థం వచ్చే ఏ బటనూ నొక్కవద్దు. చాలాసార్లు డేటా అలాగే ఉంటుంది, తెలిసినవాళ్లు వచ్చి పాత అమరికను తిరిగి స్వీకరించేలా చేయగలరు. పెట్టె ఒక ప్రశ్న అడిగి మీకు జవాబు తెలియకపోతే జవాబివ్వకుండా ఊరుకోవచ్చు. అది రేపటి దాకా ఎదురుచూస్తుంది.

కొత్త డిస్కు గురించి కొన్ని మాటలు. పాతదాని కన్నా ఒక్క సెక్టారు తక్కువున్నా పెట్టె దాన్ని తీసుకోకపోవచ్చు, కాబట్టి అదే పరిమాణమో, అంతకన్నా పెద్దదో కొనండి. మామూలు డెస్క్‌టాప్ డిస్కు తేవద్దు. చదవలేని సెక్టారు ఎదురైతే అది పట్టువదలకుండా చాలాసేపు ప్రయత్నిస్తూ ఉంటుంది. కంట్రోలరు అంతసేపు ఆగదు, డిస్కు చచ్చిందనుకొని బయటకు నెట్టేస్తుంది. నాస్, అంటే నెట్‌వర్కు మీద ఫైళ్లు అందించే ఇలాంటి పెట్టెల, కోసం చేసిన డిస్కులు ఏడు సెకన్ల దగ్గర ఆగి, చదవలేకపోయానని చెప్పేస్తాయి. ఎస్ఎంఆర్ అనే పద్ధతిలో ట్రాకులను ఒకదాని మీద ఒకటి కొంత కప్పేలా రాసే డిస్కులు కూడా వద్దు. రీబిల్డ్ లాంటి ఎడతెగని రాతకు అవి తట్టుకోలేక నత్తనడక నడుస్తాయి. ట్రాకులు ఒకదాని మీద ఒకటి పడకుండా రాసే పద్ధతి సీఎంఆర్. అది స్పష్టంగా రాసి ఉన్నదే కొనండి. డిస్కు వచ్చిన అట్టపెట్టె మీద రాసి లేకపోతే కంపెనీ వివరాల పత్రంలో మోడల్ నంబరుతో చూడండి. మరో చిన్న చిక్కు. కొన్ని కొత్త డిస్కులు పాత పవర్ సప్లైలకు తగిలిస్తే అసలు తిరగవు. పవర్ కనెక్టరు మూడో పిన్నులో 3.3 వోల్టులు వస్తే ఆగిపోవాలని వాటికి నేర్పారు. డిస్కు చచ్చి వచ్చిందని వెనక్కి పంపేముందు అది చూసుకోండి.

తెచ్చిన వెంటనే పెట్టెలో గుచ్చవద్దు. ఈ ఎండల్లో కొరియరు బండిలో వచ్చిన డిస్కు కాలుతూ ఉంటుంది. గది చల్లదనానికి వచ్చేదాకా కొన్ని గంటలు ఆగండి. తర్వాత వేరే కంప్యూటరుకు తగిలించి పూర్తి పరీక్ష పెట్టండి. పెద్ద డిస్కుకు ఒక రాత్రంతా పడుతుంది. పెట్టె డిగ్రేడెడ్‌లో ఉండగా ఒక రాత్రి ఆగడమా అని మీకు అనిపించవచ్చు, అందులో న్యాయం ఉంది. అందుకే ముందే కొని, పరీక్షించి, బీరువాలో దాచిన స్పేరు ఒకటి ఉండాలంటాను. నల్లగొండలో మీకు కావలసిన మోడల్ దొరకదు, హైదరాబాద్ నుంచి రావాలి. ఆ ఒకటి రెండు రోజులు మీ పెట్టె ఒంటికాలి మీద నిలబడి ఉంటుంది. స్పేరును మాత్రం మిగతావాటితో ఒకే రోజు, ఒకే బ్యాచిలో కొనవద్దు. ఒకే బ్యాచి డిస్కులు ఒకే రకం లోపంతో దగ్గర దగ్గరగా పోవడం ఈ వృత్తిలో అందరూ ఎరిగిన సంగతే.

లాగే పద్ధతి. పెట్టె నడుస్తుండగా డిస్కు మార్చే సదుపాయం, అంటే హాట్ స్వాప్, ఉందా లేదా మాన్యువల్‌లో చూడండి. లేకపోతే పెట్టెను ఆపి, కరెంటు తీగ తీసి మార్చాలి. ఉంటే ముందు సాఫ్ట్‌వేరులో ఆ డిస్కును పాడైనదిగా గుర్తించి, బయటకు తీస్తున్నానని చెప్పాలి. ఆ తర్వాత లాచీ విప్పి ట్రేను ఒక అంగుళం మాత్రం బయటకు లాగి, అర నిమిషం ఆగాలి. లోపల పళ్లేలు నిమిషానికి వేల సార్లు తిరుగుతుంటాయి, వాటి మీద చదివే, రాసే హెడ్డు కొన్ని నానోమీటర్ల ఎత్తులో తేలుతుంటుంది. తిరగడం ఆగాక పూర్తిగా బయటకు తీయండి. ఎలాగూ చచ్చిందే కదా అని విసిరేయవద్దు. రీబిల్డ్ మధ్యలో మరొకటి పోతే ఈ డిస్కులో మిగిలిన సగం సమాచారమే ఆఖరి ఆశ కావచ్చు. ఏసీ గదిలో పొడిగాలికి ఒంట్లో స్థిర విద్యుత్తు చేరుతుంది. చేతికి పట్టీ కట్టుకోండి. లేకపోతే పెట్టె ఇనుప చట్రాన్ని తాకి పని మొదలుపెట్టండి. పట్టుకునేది అంచులనే, కింద ఉన్న బోర్డును కాదు.

డిస్కు ఇంకా పూర్తిగా చావలేదు, లోపాలు మాత్రం పెరుగుతున్నాయి అనే దశలో మార్చగలిగితే అంతకన్నా మంచిది లేదు. లినక్స్ రెయిడ్‌లోనూ, డిస్కులను కలిపి నడిపే జెడ్ఎఫ్ఎస్ అనే సాఫ్ట్‌వేరులోనూ, ఖాళీ స్లాటు ఉంటే, పాతదాన్ని తీయకుండానే కొత్తదాన్ని పక్కన పెట్టి సమాచారం దించుకోవచ్చు. పని పూర్తయ్యాకే పాతది బయటకు వస్తుంది. అంతసేపూ పెట్టె రక్షణ తగ్గదు. అందుకే పెట్టె కొనేటప్పుడు ఒక స్లాటు ఖాళీగా వదలమని సలహా ఇస్తాను.

ఇక రీబిల్డ్. ఎంతసేపు పడుతుందో మీరే లెక్కకట్టుకోవచ్చు. 8 టెరాబైట్ల డిస్కు, సెకనుకు 160 మెగాబైట్లు రాస్తుందనుకుంటే 50 వేల సెకన్లు. దాదాపు 14 గంటలు. ఇది వేరే పని ఏదీ లేనప్పటి మాట. పక్కన ఎడిటింగ్ నడుస్తుంటే రెండు మూడు రెట్లు కావచ్చు. అంతసేపూ మిగిలిన డిస్కులన్నిటినీ మొదటి నుంచి చివరి దాకా చదవాలి. నాలుగు 8 టెరాబైట్ల డిస్కుల రెయిడ్ 5 అయితే మూడింటి నుంచి 24 టెరాబైట్లు చదవాలి. చాలా మామూలు డిస్కుల వివరాల పత్రంలో కంపెనీ ఇచ్చే హామీ, 12.5 టెరాబైట్లు చదివితే ఒక్కసారికి మించి చదవలేని చోటు తగలదని. నిజంలో డిస్కులు ఆ హామీ కన్నా మెరుగ్గానే ఉంటాయి, భయపడిపోవద్దు. కానీ పెద్ద డిస్కులకు రెయిడ్ 5 చాలదని, రెయిడ్ 6 పెట్టుకోవాలని నేను గట్టిగా చెప్పడానికి కారణం ఇదే. ప్యారిటీ రక్షణ లేని ఆ గంటల్లో ఒక్క చోటు చదవలేకపోయినా కొన్ని కంట్రోలర్లు రీబిల్డ్‌నే ఆపేస్తాయి.

ఆ చదవలేని చోట్లు ముందే బయటపడాలంటే నెలకు ఒకసారి పెట్టె మొత్తాన్ని చదివించి సరిచూడాలి. దీన్ని స్క్రబ్ అంటారు. డెబియన్ లినక్స్ తన రెయిడ్‌ను ప్రతి నెలా మొదటి ఆదివారం తానే సరిచూసుకుంటుంది. మీ పెట్టెలో ఆ ఏర్పాటు ఉందేమో, ఎవరైనా ఆపేశారేమో చూడండి. పెట్టె నిదానించిందని దీన్ని ఆపేసినవాళ్లు చాలామంది నాకు తెలుసు.

రీబిల్డ్ నడిచే రాత్రి మన ప్రాంతంలో రెండు సంగతులు చూసుకోవాలి. ఒకటి కరెంటు. యూపీఎస్ ఉందని సరిపెట్టుకోవద్దు, దాని బ్యాటరీ ఎన్ని నిమిషాలు ఆగుతుందో ముందే పరీక్షించండి. కరెంటు పోయి బ్యాటరీ అడుగంటేలోపు పెట్టె తనంతట తాను మర్యాదగా ఆగేలా యూపీఎస్ నుంచి పెట్టెకు తీగ కలపండి. రెండోది వేడి. ఇందాక చెప్పిన గూగుల్ అధ్యయనం, వేడి గురించి జనం అనుకున్నంత హాని కనపడలేదని కూడా చెప్పింది. నిజమే. కానీ వాళ్ల గదులు చల్లటివి. మనకు బయట 44 డిగ్రీలు, రాత్రి ఏసీ ఆపేసి తాళం వేసిన చిన్న గది, ఎడతెగకుండా చదివించడం వల్ల డిస్కు గది కన్నా ఇంకా వేడిగా ఉంటుంది. చాలా డిస్కులకు కంపెనీలు పెట్టిన హద్దు 60 డిగ్రీల దగ్గర ఉంటుంది. రైసు మిల్లుల్లో ఊక దుమ్ము ఫ్యాను జాలీని మూసేస్తే ఆ హద్దు ఇంకా త్వరగా దాటుతుంది. కాబట్టి ఆ రాత్రి ఏసీ ఉండనివ్వండి, జాలీ ముందే శుభ్రం చేయండి. ఆడుతున్న పెట్టె మీద బ్లోయరు మాత్రం పెట్టవద్దు.

రీబిల్డ్ పూర్తయిందని చెప్పాక, పెద్ద ఫైళ్లు కొన్ని తెరిచి చూడండి. ఒకసారి స్క్రబ్ నడపండి. తలుపు లోపలి కాగితం మీద పాత నంబరు కొట్టేసి కొత్తది రాయండి. ఈ స్పేరు అయిపోయింది కాబట్టి మరో స్పేరు తెప్పించండి.

పాత డిస్కును ఏం చేయాలి? డయాగ్నస్టిక్ కేంద్రాల వారు ఇది శ్రద్ధగా వినాలి. రెయిడ్ 1లోంచి వచ్చిన డిస్కు అయితే అందులో మొత్తం సమాచారం ఉంటుంది. రెయిడ్ 5లోంచి వచ్చినదైనా ముక్కలు ముక్కలుగా రోగుల పేర్లు, రిపోర్టులు చదవగలిగేంత ఉంటాయి. చనిపోయిందని కంపెనీ చెప్పిన డిస్కును బాగుచేసి చదవడం అసాధ్యం కాదు. పౌరుల వ్యక్తిగత సమాచారాన్ని కాపాడే చట్టం 2023లో వచ్చింది. చట్టం లేకపోయినా ఒక ఆడబిడ్డ స్కానింగ్ రిపోర్టు పాత సామాన్ల దుకాణంలో తేలకూడదు. తుడవగలిగితే పూర్తిగా తుడవండి. తుడవలేకపోతే పళ్లేలకు అడ్డంగా డ్రిల్లుతో రంధ్రాలు వేయించి, లైసెన్సు ఉన్న ఈ-వేస్ట్ సంస్థకు ఇవ్వండి. కొన్ని చిన్న డిస్కుల్లో పళ్లేలు గాజువి, పగిలి చిమ్ముతాయి. కంటికి అద్దాలు పెట్టుకోండి. వారంటీలో కొత్త డిస్కు వస్తుందని ఆశపడి రోగుల డేటా ఉన్న పాతదాన్ని పంపించే ముందు, ఆ డిస్కు ఖరీదు ఎంత, ఆ డేటా ఖరీదు ఎంత అని మీ డాక్టరు గారితో కూర్చొని మాట్లాడండి. నా అభిప్రాయం అడిగితే, పంపవద్దనే అంటాను.

వెనుక నుంచి ఒక సోదరుడు అడుగుతున్నారు, పాడైన డిస్కును ఫ్రిజ్‌లో పెడితే పనిచేస్తుందంటారు కదా అని. వద్దండీ. చల్లబడిన డిస్కును బయటకు తీయగానే గాలిలోని తేమ దాని మీద పట్టి నీటి చుక్కలవుతుంది. చదవగలిగినది కూడా చదవడానికి రాకుండా పోతుంది. ఆ డిస్కులో నిజంగా కావలసినది ఉంటే అలాగే కదపకుండా ఉంచి డేటా రికవరీ ప్రయోగశాలకు పంపండి.

మరొకరు అడిగారు, స్పేరు డిస్కును బీరువాలో పెట్టడం మేలా, పెట్టెలోనే హాట్ స్పేరుగా వదలడం మేలా అని. రాత్రుళ్లు, సెలవు రోజుల్లో ఎవరూ లేని కళాశాల ల్యాబులకు హాట్ స్పేరు మంచిది, మనిషి లేకుండానే రీబిల్డ్ మొదలవుతుంది. మనిషి రోజూ ఉండే స్టూడియోకు బీరువాలో పెట్టిన స్పేరు మేలు. అలా అయితే బ్యాకప్ సరిచూసుకున్నాక, మీరు సరే అన్నాకే రీబిల్డ్ మొదలవుతుంది.

మాటలు చాలు. ఆ బల్ల మీద ఎనిమిది డిస్కుల పెట్టె ఒకటి నడుస్తోంది. అందులో ఒక డిస్కును నేను పాడైనట్టు గుర్తు పెట్టాను, ఏదో చెప్పను. ఇద్దరిద్దరుగా రండి, ఒకరు తెర దగ్గర, ఒకరు ట్రేల దగ్గర. ఇద్దరి నంబర్లూ కలిసేదాకా ఎవరూ లాచీ ముట్టుకోవద్దు.